పైకి రిఫర్ చేసిన పేషెంట్ తిరిగి ఊరికొచ్చాక ఎవరు చూసుకోవాలి? మీ దగ్గర ఎలా చేస్తున్నారు?

క్లినిక్_సిస్టర్ (సీహెచ్‌వో, ప్రకాశం జిల్లా) | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను విలేజ్ హెల్త్ క్లినిక్‌లో సీహెచ్‌వోగా, అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. పోయిన వారం జరిగిన ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మీ అందరితో చెప్పి సలహా అడుగుదామని రాస్తున్నాను.

మా ఊళ్ళో అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రెండేళ్ళుగా మా క్లినిక్‌లోనే మాత్రలు తీసుకుంటున్నారు. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్. కాలి మీద పుండు ఎంతకీ మానకపోతే నేనే స్లిప్పు రాసి పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ ఐదు రోజులు ఉంచుకుని పుండు శుభ్రం చేసి, కొత్త మాత్రలు రాసి పంపారు. ఆ కొత్త మాత్రలోనూ గ్లిమిపిరైడే ఉంది, మెట్‌ఫార్మిన్‌తో కలిపి. రంగు వేరు, పేరు వేరు. ఇవి పుండుకి ఇచ్చారేమో అనుకుని ఆయన పాతవీ కొత్తవీ కలిపి వేసుకున్నారు. దానికి తోడు ఒంట్లో నలతగా ఉందని రాత్రిళ్ళు అన్నం సరిగ్గా తినలేదట.

నాలుగో రోజు తెల్లవారుజామున కోడలు పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. వెళ్ళి చూస్తే చొక్కా అంతా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. గ్లూకోమీటర్‌లో చూస్తే షుగర్ 41కి పడిపోయింది. ఇంట్లోవాళ్ళు పంచదార నీళ్ళు నోట్లో పొయ్యబోతే ఆపాను, స్పృహ లేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108 కి చెప్పి, మా డాక్టర్ గారితో ఫోన్‌లో మాట్లాడుతూనే నరంలోకి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించాను. పది నిమిషాల్లో కళ్ళు తెరిచారు. "అమ్మా, ఎందుకింతమంది వచ్చారు?" అని అడిగారు.

ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆయన డిశ్చార్జ్ అయి నాలుగు రోజులైనా నాకు తెలియదు. మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండు వీధులు. డిశ్చార్జ్ కాగితం పాలిథిన్ కవర్లో పెట్టి దూలానికి కట్టి ఉంది. అందులో మందులన్నీ స్పష్టంగానే రాశారు. చదవాల్సిన నా దాకా అది రాలేదు, అంతే.

పైకి పంపడానికి మన దగ్గర స్లిప్పు ఉంది. కిందికి రావడానికి ఏముంది? మీ దగ్గర ఏదైనా పద్ధతి ఉంటే చెప్పండి, పాటిస్తాను.

---

పీహెచ్‌సీ_ఎంవో (మెడికల్ ఆఫీసర్, పల్నాడు) | సోమవారం, రాత్రి 10:25

సిస్టర్, ముందుగా ఒక మాట. మీరు ఆ పూట చేసింది సరైన పని. 108 వచ్చేలోపు ఆయన లేచి కూర్చున్నా ఆసుపత్రికి పంపారా? ఇతరులు కూడా చదువుతారని అడుగుతున్నాను. గ్లిమిపిరైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది. డెక్స్‌ట్రోజ్‌తో పైకొచ్చిన షుగర్ మళ్ళీ పడిపోతుంది. కిడ్నీ కొంచెం తగ్గినవాళ్ళలో ఇంకా ఎక్కువ. లేచి మాట్లాడారు కదా అని ఇంట్లో వదిలెయ్యకూడదు.

ఇక మీ ప్రశ్న. మనకు నియమాల్లో వెనక్కి పంపే రిఫరల్ కూడా ఉంది. రిఫరల్ స్లిప్పు కింద సగం పైవాళ్ళు నింపి పంపాలి. నా సర్వీసులో అలా నింపి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అక్కడి డ్యూటీ డాక్టర్‌ని తప్పుపట్టలేను. నేను కూడా అక్కడ హౌస్ సర్జన్‌గా చేశాను. ఓపీ వరస గేటు దాకా ఉంటే, ఏ ఊరి నుంచి ఎవరు పంపారో చూసే తీరిక ఉండదు.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైనప్పుడు నాకు ఆశ కలిగింది. డాక్టరే 104 వాహనంతో నెలకు రెండుసార్లు ఊరికి వెళ్ళడం, మంచం దిగలేనివాళ్ళని ఇంటికెళ్ళి చూడడం, ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ రెండు విజిట్ల మధ్య పధ్నాలుగు రోజులుంటాయి. మీ పెద్దాయనకి ప్రమాదం నాలుగో రోజు వచ్చింది. డిశ్చార్జ్ అయిన మొదటి వారమే అసలు గండం, ఆ వారంలో మనం ఆ ఇంటికి వెళ్ళడం లేదు.

ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు మన దగ్గర ఎన్టీఆర్ వైద్య సేవ) చేరి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళ కబురు ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే మిత్ర ద్వారా ఎంతో కొంత తెలుస్తుంది. ఓపీలో చూపించుకుని వచ్చినవాళ్ళు, ప్రైవేటులో సొంత డబ్బుతో చూపించుకున్నవాళ్ళు, వీళ్ళ సంగతి మనకు అసలు తెలియదు.

---

ఆశా_అక్క (తూర్పు గోదావరి) | మంగళవారం, ఉదయం 6:10

నమస్కారం సార్, నమస్కారం సిస్టర్. పొద్దున్నే చదివాను. చదివితే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. మా ఊళ్ళోనూ ఇలాంటిది జరిగింది.

నాకు తెలిసింది చెప్తాను. ఊళ్ళో ఎవరు ఆసుపత్రి నుంచి వచ్చారో మాకు సాయంత్రానికల్లా తెలుస్తుంది. ఆటో ఎవరింటి ముందు ఆగిందో వీధంతా చూస్తుంది. కానీ తెలిసినా ఏం చెయ్యాలో మాకు ఎవరూ చెప్పలేదు. బిడ్డ పుడితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళాలని మాకు నేర్పారు. ఫారం ఉంది, ఏం చూడాలో ఉంది, దానికి డబ్బులూ ఉన్నాయి. అందుకే ఏ ఆశా కూడా ఆ రోజులు మర్చిపోదు. షుగర్ పెద్దాయన డిశ్చార్జ్ అయి వస్తే ఏ రోజు వెళ్ళాలి, వెళ్ళి ఏం అడగాలి? అది ఎక్కడా రాసి లేదు.

వెయ్యి మందికి ఒక ఆశా అంటారు. సర్వేలు, యాప్‌లు, మీటింగులు అన్నీ మామీదే. ఇంకో పని పెట్టండి అని నేను అడగడం లేదు. ఈ పని మాత్రం పెట్టండి, ఇంకోటి ఏదైనా తీసెయ్యండి అంటున్నాను.

---

క్లినిక్_సిస్టర్ | మంగళవారం, ఉదయం 7:05

ఎంవో సార్, 108 లోనే పంపాను. ఒక రోజు ఉంచుకుని పంపారు.

అక్కా, 42 రోజుల సంగతి మీరు చెప్పాక నాకు కొత్తగా ఆలోచన వచ్చింది. నిజమే, ఆ పట్టిక ఉంది కాబట్టే పసిబిడ్డల సంగతి ఎవరూ మర్చిపోవడం లేదు.

---

మందుల_బల్ల (ఫార్మసిస్ట్, సీహెచ్‌సీ) | మంగళవారం, మధ్యాహ్నం 1:15

బల్ల అవతల నిలబడి చూసేవాణ్ణి కాబట్టి మందుల వైపు నుంచి రాస్తాను.

ఒకే మందు రెండు పేర్లతో వేసుకోవడం రోజూ కనిపిస్తుంది. ఆమ్లోడిపిన్ మన దగ్గర అదే పేరుతో ఇస్తాం. బయట కంపెనీ పేరుతో ఇస్తారు, పైగా టెల్మిసార్టాన్ అనే ఇంకో బీపీ మందుతో కలిపి ఇస్తారు. రెండూ వేసుకున్నవాళ్ళకి పాదాలు వాస్తాయి. వాపు తగ్గాలని ఇంకెవరో నీరు దిగే మాత్ర ఇస్తారు. ఆ మాత్రకి కళ్ళు తిరుగుతాయి. చివరికి నాలుగు మందులు, మూడు జబ్బులు. మొదలు చూస్తే ఒక్క బిళ్ళ ఎక్కువైంది.

నొప్పి మాత్రల సంగతి ఇంకా బాధ. మోకాళ్ళ నొప్పికి ఊళ్ళో డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటారు, మనకు చెప్పరు. బీపీ ఎందుకు తగ్గడం లేదో తెలియక మనం డోసు పెంచుతాం. కిడ్నీ దెబ్బతింటున్న సంగతి చాలా ఆలస్యంగా బయటపడుతుంది.

నేను చేసేది చిన్న పని. "వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని రండి, పసరు మందు ఉన్నా తెండి" అని ప్రతివాళ్ళకీ చెప్తాను. ఆ సంచి బల్ల మీద బోర్లిస్తాను. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివి, ఒకటే అయినవి పక్కపక్కన పెడతాను. ఆపాల్సినవి ఏవో డాక్టర్ గారు చెప్తారు. ఉంచినవాటి కవర్ మీద పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు బొమ్మ వేస్తాను. చదువు రానివాళ్ళకి అదే ఆధారం. ఐదు నిమిషాలు పడుతుంది. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కున్నా చేస్తాను.

---

టీబీ_సూపర్‌వైజర్ (ఎస్టీఎస్, మహబూబ్‌నగర్) | మంగళవారం, సాయంత్రం 5:50

మా ప్రోగ్రాంలో ఈ సమస్య చాలావరకు తీరింది. ఎలాగో చెప్తే పనికొస్తుందేమో.

టీబీ పేషెంట్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో ప్రతి పేషెంట్‌కీ ఒక ఐడీ ఉంటుంది. మా జిల్లా నుంచి పనికోసం ముంబై, పూణే వెళ్ళేవాళ్ళు ఎక్కువ. మనిషి వెళ్ళిపోతే ఆన్‌లైన్‌లో ట్రాన్స్‌ఫర్ పెడతాను. అవతలివాళ్ళు తీసుకున్నామని నొక్కేవరకు ఆ మనిషి నా లెక్కలోనే ఉంటాడు. ఆరు నెలల కోర్సులో మధ్యలో ఆగిపోతే జవాబు చెప్పాల్సింది ఎవరో పేరుతో సహా కనిపిస్తుంది. నెలకు 500 ఉన్న పోషణ డబ్బు 2024 నవంబర్ నుంచి 1000 అయింది. అది ఖాతాలో పడాలంటే వివరాలు సరిగ్గా ఉండాలి కాబట్టి పేషెంట్ కూడా మాకు ఫోన్ చేస్తాడు.

నేను గమనించింది ఏమిటంటే, పంపించడం వేరు, అప్పజెప్పడం వేరు. స్లిప్పు రాసి బస్సెక్కిస్తే పంపించినట్టు. అవతల ఒకరు "వచ్చాడు, చూశాను" అన్నప్పుడే అప్పజెప్పినట్టు. షుగర్, బీపీలలో మనం పంపించడం దగ్గరే ఆగిపోతున్నాం.

---

బస్తీ_నర్స్ (హైదరాబాద్) | మంగళవారం, రాత్రి 9:30

అన్న చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. అయితే పట్నంలో ఇంకో తిప్పలుంది, అది కూడా చెప్పాలి.

మాది బస్తీ దవాఖానా. 2018 నుంచి ఇవి రావడంతో పేదోళ్ళకి నిజంగా మేలైంది. రక్తం ఇక్కడే తీసి టీ-డయాగ్నస్టిక్స్ అనే ప్రభుత్వ ల్యాబ్‌కి పంపుతాం, పైసా ఖర్చు లేదు. రిపోర్టు మెసేజ్ ఫోన్‌కి వస్తుంది. ఆ ఫోన్ ఎవరిది? ఇంట్లో ఒక్క ఫోనే ఉంటుంది, అది కొడుకు డ్యూటీకి తీసుకుపోతాడు. అమ్మకి క్రియాటినిన్ 2.3 అని, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యడం లేదని మెసేజ్ వచ్చిన రోజు కొడుకు బండి మీద డెలివరీలు చేస్తున్నాడు. చూసి, అర్థం కాక వదిలేశాడు. ఆమె మూడు వారాల తర్వాత జ్వరానికి వస్తే నేను పాత రిపోర్టు తీసి చూశాను. అప్పటిదాకా మెట్‌ఫార్మిన్ పూర్తి డోసు వేసుకుంటోంది, నొప్పి మాత్రలు కూడా.

అప్పటి నుంచి నేనొక పని చేస్తున్నా. రోజూ మధ్యాహ్నం ఓపీ సద్దుమణిగాక నిన్నటి రిపోర్టులన్నీ తెరిచి, తేడా ఉన్నవాళ్ళ పేర్లు ఎర్ర పెన్నుతో రాస్తా. వాళ్ళకి మేమే ఫోన్ చేస్తాం. కలవకపోతే ఆశా ఇంటికి పోతుంది. కిరాయి ఇల్లు మారిపోయినోళ్ళని మాత్రం ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాం. అందుకే ఇప్పుడు ప్రతివాళ్ళ దగ్గరా రెండో నంబర్ తీసుకుంటున్నా. కిరాణా షాపు నంబరైనా సరే.

---

దూరపు_కొడుకు (బెంగళూరు) | బుధవారం, ఉదయం 8:20

నేను ఆరోగ్య శాఖ మనిషిని కాదు. మా నాన్న పేషెంట్. ఈ చర్చ చదువుతుంటే మా ఇల్లే కళ్ళముందు కనిపించింది, అందుకని రాస్తున్నాను.

నాన్నకి గుండెకి స్టెంట్ వేశారు, షుగర్ ఉంది, ప్రోస్టేట్ ఉంది. ముగ్గురు డాక్టర్లు, మూడు ఫైళ్ళు. ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. ఊళ్ళో క్లినిక్ సిస్టర్ గారు అడిగితే నాన్న "అన్నీ మావాడికి తెలుసమ్మా" అంటారు. నాకేం తెలుసు? వాట్సాప్‌లో వచ్చిన ప్రిస్క్రిప్షన్ ఫొటోలు తెలుసు, అంతే.

ఆభా నంబర్ (ప్రభుత్వ డిజిటల్ హెల్త్ ఐడీ) చేయించాం. అన్ని రికార్డులూ ఒకచోట కనిపిస్తాయని చెప్పారు. తెరవాలంటే ఓటీపీ కావాలి. ఆధార్‌కి ఉన్నది నా నంబర్. నాన్న క్లినిక్‌లో కూర్చుని ఉంటే నేనిక్కడ మీటింగులో ఉంటాను. ఓటీపీ గడువు అయిపోతుంది. సిస్టర్ గారు పాపం రెండుసార్లు ప్రయత్నించి, మామూలుగా బీపీ చూసి పంపేశారు.

పెద్దవాళ్ళని ఊళ్ళో వదిలి వచ్చిన మాలాంటివాళ్ళకి ఒకటే కావాలి. నాన్న విషయంలో మొత్తం తెలిసిన ఒక మనిషి, ఫోన్ చేస్తే చెప్పే ఒక మనిషి. అది ఎవరో తెలిస్తే నా దగ్గరున్న ప్రతి కాగితం వాళ్ళకి పంపుతాను.

---

క్లినిక్_సిస్టర్ | బుధవారం, ఉదయం 8:45

తమ్ముడూ, ఆ మనిషి మీ ఊరి సీహెచ్‌వోనే అయ్యుండాలి. ఈసారి ఊరెళ్ళినప్పుడు మూడు ఫైళ్ళూ పట్టుకెళ్ళి ఒక గంట ఆమెతో కూర్చోండి. ఆమె కాదనదు. మాకు కూడా అలా ఎవరైనా వస్తే బాగుండునని ఉంటుంది.

---

పాత_సూపర్‌వైజర్ (రిటైర్డ్ హెల్త్ సూపర్‌వైజర్, కడప) | బుధవారం, సాయంత్రం 4:00

అమ్మాయీ, నీ ప్రశ్న చదివాక మా రోజులు గుర్తొచ్చాయి. నువ్వడిగిన పద్ధతి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మీ సబ్‌సెంటర్ గోడకే వేలాడుతుంటుంది చూడు.

టీకాల టిక్లర్ బ్యాగ్ ఉంటుంది కదా. గుడ్డతో కుట్టి, నెలకో జేబు. బిడ్డ కార్డు రెండో సగం చించి, తర్వాతి టీకా ఏ నెలలో పడాలో ఆ జేబులో పెడతాం. టీకా వేశాక ఆ ముక్క తీసి పై నెల జేబులోకి మారుస్తాం. నెలాఖరుకి ఈ నెల జేబులో మిగిలిన ముక్కలే రాని పిల్లలు. కంప్యూటర్ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు. నేను ఉద్యోగంలో ఉండగా ఏఎన్ఎంలకి ఎప్పుడూ చెప్పేవాణ్ణి, జేబులో చెయ్యి పెడితే పల్లె మొత్తం చేతికి తగలాలి అని.

రిఫరల్‌కీ అదే చెయ్యి. స్లిప్పు రెండు ముక్కలు రాయి. ఒకటి పేషెంట్‌కి, ఒకటి నీ బ్యాగ్‌లో. ఇక్కడ నెలల జేబులు పనికిరావు, వారాల జేబులు కుట్టించు. మనిషి తిరిగొచ్చి, మాత్రల సంచి చూశాకే ముక్క బయటికి తియ్యాలి. శనివారం సాయంత్రం ఈ వారం జేబులో ఏం మిగిలాయో చూస్తే ఎవరింటికి వెళ్ళాలో తెలిసిపోతుంది.

ఇంకొకటి. స్లిప్పు మీద "పెద్దాసుపత్రికి పంపడమైనది" అని మాత్రం రాయొద్దు. ఇప్పుడు వాడుతున్న మందులన్నీ, డోసులతో సహా, దాని మీదే రాయాలి. పైవాళ్ళకి అదే లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? అదే మందు మళ్ళీ రాస్తారు.

---

పీహెచ్‌సీ_ఎంవో | బుధవారం, రాత్రి 10:10

పాత సూపర్‌వైజర్ గారు చివర్లో చెప్పిన మాట నాకే తగిలింది. నేను రాసే రిఫరల్స్‌లో సగానికి "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని ఉంటుంది. వాడుతున్న మందులు రాయను. రేపటి నుంచి రాస్తాను.

---

యూకే_జీపీ (మాంచెస్టర్) | గురువారం, తెల్లవారుజామున 2:30

గుంటూరులో చదువుకుని ఇక్కడ జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ దాదాపు ప్రతి మనిషీ ఒక జీపీ దగ్గర నమోదై ఉంటాడు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయితే 24 గంటల్లో సమ్మరీ జీపీకి చేరాలని ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) కాంట్రాక్టులోనే ఉంది. ఏ మందు ఆపారు, ఏది మార్చారు, ఎందుకు మార్చారు అనేది అందులో ఉండాలి. మా ప్రాక్టీసులో ఫార్మసిస్ట్ ఆ జాబితాని మా దగ్గరున్న జాబితాతో సరిపోల్చి చూస్తారు. మందుల_బల్ల గారు సంచి బోర్లించి చేస్తున్నది అదే పని.

ఆలస్యంగా వచ్చే సమ్మరీలు, సగం నింపిన సమ్మరీలు ఇక్కడా ఉన్నాయి. కానీ ఎవరికి రావాలో మాత్రం సందేహం ఉండదు. తేడా అక్కడే ఉంది.

---

ఏఎన్ఎం_చెల్లి (విజయనగరం) | గురువారం, ఉదయం 11:40

గర్భిణుల్లో మేం చేసేది చెప్తాను. హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్న అమ్మాయిని ఊరికే పంపం. ముందు అక్కడి స్టాఫ్ నర్స్‌కి ఫోన్ చేసి "రేపు పొద్దున ఫలానా ఊరి అమ్మాయి వస్తుంది, పచ్చ చీర, ఏడో నెల" అని చెప్తాం. ప్రతి నెలా 9వ తేదీ స్పెషల్ చెకప్ రోజైతే మేమే వెంట వెళ్తాం. సాయంత్రం మళ్ళీ ఫోన్. రక్తం ఎక్కించారా, ఐరన్ సూది పెట్టారా, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అని ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల కార్డు) రాసుకుంటాం. ఆ స్టాఫ్ నర్స్‌ని నేను ఇంతవరకు రెండుసార్లే చూశాను, కానీ ఫోన్లో మాట్లాడుకుని సొంత అక్కాచెల్లెళ్ళలా అయిపోయాం. అవతలి వైపు ఒక పేరు, ఒక నంబర్ తెలిసి ఉంటే సగం పని అయినట్టే.

వాట్సాప్ గ్రూపు పెట్టి డిశ్చార్జ్ కాగితాలు అందులో వెయ్యమని మా దగ్గర ఒకరు సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. ఒకసారి ఒకామె హెచ్ఐవీ రిపోర్టు అలా గ్రూపులో పడింది. ఆమె తర్వాత మా సెంటర్‌కి రావడమే మానేసింది. దయచేసి ఎవరూ గ్రూపుల్లో పెట్టకండి. పంపాలంటే ఎవరికి కావాలో ఆ ఒక్కరికే పంపండి.

---

క్లినిక్_సిస్టర్ | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:15

ఏం చేశానో చెప్పాలి కదా అని మళ్ళీ వచ్చాను.

బ్యాగ్ కుట్టించాను. మా ఆశా వాళ్ళ అత్తగారు పాత చీర కొంగుతో కుట్టి ఇచ్చారు, పది జేబులు. స్లిప్పు వెనక మందులన్నీ రాసి, నా ఫోన్ నంబర్ పెద్ద అక్షరాల్లో వేసి, "ఇంటికి వచ్చిన మర్నాడు మాత్రలన్నీ తీసుకుని క్లినిక్‌కి రావాలి" అని తెలుగులో రాస్తున్నాను. ఆశాతో మాట్లాడి మూడో రోజు, ఏడో రోజు ఆ ఇంటికి వెళ్ళేలా అనుకున్నాం. దానికి బదులుగా ఆమె చేసే ఒక ఆన్‌లైన్ ఎంట్రీ పని నేను తీసుకున్నాను. పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో ఒక స్టాఫ్ నర్స్ గారితో పరిచయం చేసుకున్నాను. మొదటిసారి ఫోన్ చేస్తే "మీరెవరు?" అన్నారు. ఇప్పుడు ఆవిడే ముందు చేస్తున్నారు.

ఈ నాలుగు వారాల్లో పైకి పంపింది 11 మందిని. 8 మంది ముక్కలు బయటికి వచ్చాయి. వాళ్ళలో ఇద్దరి సంచుల్లో ఒకే మందు రెండు పేర్లతో దొరికింది. ఎంవో సార్‌తో మాట్లాడి ఆపించాను. ఇద్దరు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు.

పదకొండో ఆమె పత్తి ఏరడానికి వేరే మండలం వెళ్ళిందట. రొమ్ములో గడ్డ ఉందని పంపాను, పరీక్షకి వెళ్ళిందో లేదో తెలియదు. ఆమె ముక్క జేబులోనే ఉంది. ఆ మండలం పక్కన పనిచేసే సిస్టర్లు, ఆశాలు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. పేరు, ఊరు ఇక్కడ రాయను, మీకు చెప్తాను.

పెద్దాయన నిన్న వచ్చారు. పుండు మానుతోంది. అడక్కముందే సంచి బల్ల మీద బోర్లించి, "చూసుకో తల్లీ, ఈసారి కలపలేదు" అన్నారు.

---

బస్తీ_నర్స్ | ఆదివారం, రాత్రి 8:50

అక్కా, మీరు మెసేజ్‌లో చెప్పిన ఆ మండలంలో మా పిన్ని కూతురు ఏఎన్ఎం. నంబర్ మీకు మెసేజ్‌లో పంపిన. రేపు పొద్దున ఆరింటికే చెయ్యండి, ఏడు దాటితే పత్తి చేలకి కూలీలంతా వెళ్ళిపోతారు.